తేదీ, టైమ్ కోడ్‌లో ఎలా పెట్టాలి: సాయంత్రం ఆరున్నర బగ్ నుంచి బయటపడే దారి

"అన్నా, అన్నీ యూటీసీలో పెట్టేస్తే అయిపోతుంది కదా?"

టీమ్‌లోకి కొత్తగా ఎవరొచ్చినా నెల తిరక్కుండా ఈ మాట అడుగుతారు. (యూటీసీ అంటే ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే ఉమ్మడి టైమ్, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది.) అడిగిన ప్రతిసారీ "సగం అవును" అంటాను. ఆ మిగతా సగం ఏమిటో చాట్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను.

చదివేముందు ఒక చిన్న పని చేయండి. మీ డేటాబేస్ తెరిచి, ఒట్టి తేదీ మాత్రమే ఉండాల్సిన కాలమ్‌లు చూడండి. పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, కట్టాల్సిన గడువు, ఇలాంటివి. వాటిలో ఎక్కడైనా 18:30:00 అనే టైమ్ కనిపించిందా? మనకి అర్ధరాత్రి పన్నెండయితే యూటీసీలో అప్పటికి ముందురోజు సాయంత్రం ఆరున్నరే. మన దేశంలో రాసిన కోడ్‌లో తేదీ జారిపోతే అక్కడ మిగిలే వేలిముద్ర ఇదే. అది కనిపించినవాళ్లు మూడో మెట్టు రెండుసార్లు చదవండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ అప్లికేషన్‌లో తేదీ, టైమ్ ఉన్న ప్రతి ఫీల్డ్ పేరూ ఉన్న ఒక జాబితా. ఎక్సెల్ షీట్ చాలు.
- ఆ ఫీచర్ అడిగిన మనిషితో అరగంట. ఇది లేకుండా మొదలుపెట్టకండి, కోడ్ చూసి తేల్చలేని ప్రశ్నలు కొన్ని వస్తాయి.
- టైమ్‌జోన్ డేటాబేస్ తెలిసిన లైబ్రరీ. జావాలో అయితే 8 నుంచి వచ్చిన జావా డాట్ టైమ్. పైథాన్‌లో 3.9 నుంచి ఉన్న జోన్‌ఇన్ఫో. జావాస్క్రిప్ట్‌లో లక్సాన్ లాంటిది ఏదో ఒకటి, లేదా కొత్త బ్రౌజర్లలోకి వస్తున్న టెంపొరల్. మొమెంట్‌ను కొత్త ప్రాజెక్టులకి వాడొద్దని 2020లో దాన్ని నడిపేవాళ్లే చెప్పారు, కాబట్టి దాని జోలికి పోకండి.
- టైమ్‌జోన్ అంటే +05:30 కాదు, ఆసియా/కోల్‌కతా అనే పేరు. ఈ తేడా గుర్తుంటే చాలు, నాలుగో మెట్టులో అవసరం పడుతుంది.

1. ప్రతి ఫీల్డ్‌కీ ఒకే ప్రశ్న వేయండి

కోడ్ ముట్టుకోకుండా ఆ ఎక్సెల్ షీట్‌లో ప్రతి వరస పక్కనా దీనికి జవాబు రాయండి: ఈ రికార్డును హైదరాబాద్‌లోనూ అమెరికాలోని డాలస్‌లోనూ ఒకేసారి తెరిస్తే, తెరమీద అంకెలు వేరుగా కనిపించాలా, ఒకేలా ఉండాలా?

వేరుగా కనిపించాలి అంటే అది క్షణం. డబ్బు కట్టిన టైమ్, లాగిన్ అయిన టైమ్, మెసేజ్ వెళ్లిన టైమ్. ప్రపంచమంతా ఒక్కసారే జరిగింది, ఎవరి గడియారంలో వాళ్లు చూసుకుంటారు.

ఎక్కడ తెరిచినా ఒకేలా ఉండాలి, టైమ్‌తో పనిలేదు అంటే అది క్యాలెండర్ తేదీ. పుట్టినరోజు, పెళ్లిరోజు, ఇన్‌వాయిస్ తేదీ.

ఒకేలా ఉండాలి, కానీ ఫలానా ఊళ్లో ఫలానా గంటకి అంటే అది ఊరి టైమ్. విజయవాడలో డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ పొద్దున పదింటికి అంటే, రోగి కూతురు డాలస్‌లో కూర్చుని చూసినా అది విజయవాడ పదే.

నాలుగోది వ్యవధి: కాల్ 43 నిమిషాలు సాగింది, క్వెరీకి 900 మిల్లీసెకన్లు పట్టింది. దీన్ని సెకన్లలోనో మిల్లీసెకన్లలోనో ఒట్టి అంకెగా పెట్టండి, కాలమ్ పేరులోనే ఏ కొలతో రాయండి. కొలిచేటప్పుడు మామూలు గడియారం కాకుండా మోనోటోనిక్ గడియారం (ఎప్పుడూ ముందుకే నడిచేది) వాడండి, ఎందుకంటే సర్వర్ గడియారాన్ని మధ్యలో సరిచేస్తే వ్యవధి మైనస్‌లోకి పోతుంది. వ్యవధి గురించి ఇంతే.

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. టేబుల్ తయారుచేసేటప్పుడు అన్నిటికీ ఒకే రకం కాలమ్ కాపీ కొట్టేస్తారు. తర్వాతి బగ్‌లన్నీ ఆ ఒక్క కాపీ నుంచి పుట్టుకొస్తాయి.

2. క్షణాలను యూటీసీలోనే పెట్టండి

"యూటీసీలో పెట్టేయ్" అన్న సలహా అచ్చంగా సరిపోయేది ఈ రకానికి.

పోస్ట్‌గ్రెస్ అయితే టైమ్‌స్టాంప్‌టీజెడ్ వాడండి. పేరులో టైమ్‌జోన్ ఉందని అది జోన్‌ను దాచుకుంటుంది అనుకోకండి. లోపల యూటీసీలోకి మార్చి పెట్టుకుని, చూపించేటప్పుడు మీ సెషన్ జోన్‌లోకి మారుస్తుంది, అంతే. మీ పక్క సీటాయన తన డీబీవర్‌లో (డేటాబేస్ తెరిచి చూసే టూల్) వేరే టైమ్ చూస్తున్నాడంటే డేటా తేడా కాదు, సెషన్ సెట్టింగ్ తేడా.

మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ కూడా ఇలాగే మార్చి పెడుతుంది, కానీ ఆ కాలమ్ 2038 జనవరి 19తో ఆగిపోతుంది. ఇరవై ఏళ్ల ఇంటి లోను చివరి వాయిదా అందులో పట్టదు. డేట్‌టైమ్ వాడితే ఆ ఇబ్బంది లేదు కానీ అది ఏమీ మార్చదు, ఇచ్చింది ఇచ్చినట్టు పెడుతుంది. అందుకే డేట్‌టైమ్ వాడేవాళ్లు యూటీసీయే పెడతామని కోడ్‌లోనూ, కాలమ్ పేరులోనూ (చివర యూటీసీ అని) కట్టుబడాలి. ఇంకో మాట: కన్వర్ట్ టీజెడ్ ఫంక్షన్‌కి ఆసియా/కోల్‌కతా ఇస్తే నల్ (ఖాళీ విలువ) వస్తోందా? మీ కోడ్ తప్పు కాదు. ఆ సర్వర్‌లో టైమ్‌జోన్ టేబుళ్లు నింపలేదు.

పైథాన్‌వాళ్లకి: యూటీసీనౌ వాడకండి. అది యూటీసీ అంకెలే ఇస్తుంది కానీ "ఇది యూటీసీ" అన్న ముద్ర వేయదు. తర్వాత వచ్చే ఫంక్షన్ దాన్ని లోకల్ టైమ్ అనుకుంటుంది. 3.12 నుంచి దాన్ని వాడొద్దని పైథానే హెచ్చరిస్తోంది. నౌకి యూటీసీ జోన్ ఇచ్చి పిలవండి.

ఎపాక్ అంకెలు (1970 జనవరి 1 నుంచి ఎంత కాలం గడిచిందన్న లెక్క) వాడేచోట సెకన్లా, మిల్లీసెకన్లా అన్నది రాసి పెట్టుకోండి. ఈ కాలపు తేదీలకి పది అంకెలుంటే సెకన్లు, పదమూడు ఉంటే మిల్లీసెకన్లు. 1700000000 అంటే యూటీసీలో 2023 నవంబరు 14. దాన్నే మిల్లీసెకన్లు అనుకుంటే 1970 జనవరి 20 వస్తుంది.

3. ఒట్టి తేదీకి టైమ్ తగిలించకండి

దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన దగ్గర జరిగే తప్పుల్లో సింహభాగం ఇదే.

కొన్నేళ్ల కిందట మేం ఒక బడి అడ్మిషన్ల యాప్ చేశాం. ఒక తల్లి ఐడీ కార్డు పట్టుకొచ్చి, "మా పాప పుట్టింది శనివారం, జూన్ ఒకటి. కార్డు మీద మే 31 వేశారు" అన్నారు. ఫారం తెరిచి చూస్తే తెరమీద జూన్ 1 అనే ఉంది. టైపింగ్ పొరపాటు అనుకుని కార్డు మళ్లీ ముద్రించాం. మళ్లీ మే 31. అప్పటికే నెలల తరబడి అందరు పిల్లల కార్డులూ అలాగే వెళ్లాయని ఆ రోజు సాయంత్రానికి తెలిసింది.

లోపల జరిగింది ఇదీ. క్యాలెండర్‌లో 2019 జూన్ 1 నొక్కగానే బ్రౌజర్ దాన్ని "మన టైమ్ ప్రకారం జూన్ 1, రాత్రి 12:00" అనే డేట్ ఆబ్జెక్ట్‌గా చేసింది. పంపేముందు మా కోడ్ టుఐఎస్ఓస్ట్రింగ్ పిలిచింది. అది యూటీసీలోకి మార్చి 2019-05-31 18:30:00 అని ఇచ్చింది. డేటాబేస్‌లో అదే కూర్చుంది. తెరమీద చూపించేటప్పుడు బ్రౌజర్ మళ్లీ ఐదున్నర గంటలు కలిపి జూన్ 1 చేసేది, కాబట్టి మాకెవరికీ అనుమానం రాలేదు. కార్డు పీడీఎఫ్ మాత్రం యూటీసీలో నడిచే సర్వర్ తయారుచేసేది, దానికి కలిపేవాళ్లు లేరు. కార్డులు పక్కన పెడితే, "జూన్ 1 నాటికి ఐదేళ్లు నిండాలి" అన్న నిబంధన చూసేది కూడా సర్వరే. జూన్ 2న పుట్టిన పిల్లలు అర్హుల జాబితాలోకి వచ్చేశారు. (మన పెద్దవాళ్లలో చాలామందికి బడిలో జూన్ ఒకటో, జులై ఒకటో వేయించేసేవారు కదా, అలాంటి డేటా మీద ఈ బగ్ పడితే సగం ఊరికి ఒకేసారి నెల మారిపోతుంది.)

సరైన పద్ధతి:

- డేటాబేస్‌లో డేట్ రకం కాలమ్. టైమ్‌స్టాంప్ వద్దు.
- జావాలో లోకల్‌డేట్, పైథాన్‌లో డేట్, టెంపొరల్‌లో ప్లెయిన్‌డేట్.
- ఏపీఐలో (ప్రోగ్రాములు ఒకదానికొకటి డేటా పంపుకునే దారి) 2019-06-01 అనే పది అక్షరాల స్ట్రింగ్. వెనకాల టైమ్ ఉండదు, జోన్ ఉండదు.
- హెచ్‌టీఎంఎల్ డేట్ ఇన్‌పుట్ ఇచ్చే విలువ ఎలాగూ ఇదే రూపంలో ఉంటుంది. దాన్ని డేట్ ఆబ్జెక్ట్‌గా మార్చకుండా ఉన్నదున్నట్టు పంపండి.
- మీ యూఐ లైబ్రరీ డేట్ ఆబ్జెక్ట్ మాత్రమే ఇస్తానంటే, దాని నుంచి సంవత్సరం, నెల, రోజు విడివిడిగా తీసి స్ట్రింగ్ కట్టండి. నెలకి ఒకటి కలపడం మరిచిపోకండి, జావాస్క్రిప్ట్‌లో జనవరి సున్నా.

దీనికి ఎదురుబొదురు బగ్ ఇంకొకటుంది, అది మన ఆఫీసులో కూర్చుంటే ఎప్పటికీ కనిపించదు. జావాస్క్రిప్ట్‌లో న్యూ డేట్‌కి 2019-06-01 అని ఒట్టి తేదీ ఇస్తే అది యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. మనకి ఆ క్షణం జూన్ 1 పొద్దున ఐదున్నర. తేదీ సరిగ్గానే ఉంటుంది, టెస్టింగ్‌లో పాస్. అదే పేజీ డాలస్‌లో తెరిస్తే మే 31 సాయంత్రం. అమెరికా క్లయింట్ "డేట్ ఈజ్ వన్ డే ఆఫ్" అని టికెట్ వేస్తాడు, మనం "నా మెషీన్‌లో బాగానే ఉందే" అంటాం.

4. రాబోయే టైమ్‌కి ఊరి పేరు కూడా పెట్టండి

వచ్చే నెల అపాయింట్‌మెంట్, ప్రతి సోమవారం మీటింగ్, పొద్దున ఆరింటి అలారం. వీటిని ఇప్పుడే యూటీసీలోకి మార్చి పెట్టకండి. మూడు విషయాలు విడివిడిగా పెట్టండి: తేదీ, ఆ ఊరి గడియారంలో గంట, జోన్ పేరు. యూటీసీ విలువ కూడా కావాలంటే (క్యూలో వరస పెట్టడానికి కావాలి) నాలుగో కాలమ్‌లో లెక్కకట్టి పెట్టుకోండి. అసలు సమాచారం మొదటి మూడూ. నాలుగోది ఎప్పుడైనా చెరిపి మళ్లీ కట్టుకోగలగాలి.

ఎందుకో ఒక లెక్కతో చూడండి. హైదరాబాద్, డాలస్ టీమ్‌లకి ప్రతి సోమవారం మీటింగ్. మనకి రాత్రి 8:30, వాళ్లకి పొద్దున 10, యూటీసీలో 15:00. 2026 నవంబరు 1న అమెరికాలో గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. యూటీసీ 15:00 అనే పెట్టుకున్నారనుకోండి, నవంబరు 2 నుంచి మనకి 8:30 అలాగే ఉంటుంది, వాళ్లకి 9 అవుతుంది. డాలస్ 10 అని పెట్టుకుంటే వాళ్లకి మారదు, మనకి రాత్రి 9:30 అవుతుంది. రెండిట్లో ఏది సరైనది? కోడ్‌కి తెలియదు. అందుకే మొదట్లో అరగంట అడిగింది: "ఈ మీటింగ్ ఎవరి గడియారం ప్రకారం?" అని నోరు తెరిచి అడగాల్సిందే.

లండన్ కూడా కలిస్తే ఇంకో మెలిక. అమెరికా మార్చి రెండో ఆదివారం మారుతుంది, బ్రిటన్, యూరప్ మార్చి ఆఖరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు అన్ని తేడాలూ వేరే.

జోన్ పేరే ఎందుకు, −06:00 పెడితే చాలదా అంటారు. చాలదు. డాలస్ శీతాకాలం −06:00, ఎండాకాలం −05:00. రెండూ కలిపి తెలిసింది అమెరికా/షికాగో అన్న పేరుకి మాత్రమే (డాలస్ ఈ జోన్‌లోకే వస్తుంది). సీఎస్‌టీ, ఐఎస్‌టీ లాంటి పొట్టి పేర్లు అసలు వద్దు. ఐఎస్‌టీ అంటే ఇండియా, ఇజ్రాయెల్, ఐర్లాండ్ ముగ్గురూ నాదే అంటారు.

"మన దేశంలో గడియారం మారదు కదా, నాకెందుకు ఇదంతా" అనుకునేవాళ్లకి: ప్రభుత్వాలు తలచుకుంటే మారుతుంది. మెక్సికో 2022లో ఎండాకాలపు టైమ్ చాలావరకు ఎత్తేసింది, ఈజిప్ట్ 2023లో మళ్లీ తెచ్చింది, కజకిస్తాన్ 2024 మార్చి 1న దేశమంతా ఒకే టైమ్‌కి వచ్చింది. సమోవాలో 2011 డిసెంబరు 30 అనే రోజే లేదు. ముందే యూటీసీలోకి మార్చి పెట్టుకున్న అపాయింట్‌మెంట్లన్నీ అలాంటి రోజున తప్పవుతాయి. ఊరి టైమ్ పెట్టుకున్నవాళ్లు టైమ్‌జోన్ ఫైల్ కొత్తది వేసుకుని నాలుగో కాలమ్ మళ్లీ లెక్క కడితే సరిపోతుంది.

ఆ ఫైల్ ఎక్కడుందో తెలుసుకోండి. లినక్స్‌కి ఒకటి, జావా లోపల దాని సొంతది ఒకటి, నోడ్‌లో మరొకటి ఉంటాయి. ఒకటి కొత్తది చేస్తే మిగతావి కొత్తవి కావు. ఆల్పైన్ డాకర్ ఇమేజ్‌లో అసలు ఉండదు, మీరే చేర్చాలి.

రెండు అంచులు చూసుకోండి. 2026 మార్చి 8న డాలస్‌లో తెల్లవారుజాము 2:30 అనే టైమే లేదు, రెండు కాగానే మూడవుతుంది. నవంబరు 1న 1:30 రెండుసార్లు వస్తుంది. జావా లేని టైమ్‌ను 3:30కి జరుపుతుంది, రెండుసార్లు వచ్చేదాంట్లో మొదటిది తీసుకుంటుంది. చాలా పనులకి అది చాలు. మందులు వేసే రిమైండరో, డబ్బులు కదిలే పనో అయితే మాత్రం ఏం కావాలో అడిగి తేల్చుకోండి.

పక్కమాట ఒకటి. తిథుల రిమైండర్ యాప్ చేస్తామని ఏడాదికి ఒకరిద్దరు అడుగుతుంటారు. తిథి మారే క్షణం ప్రపంచమంతా ఒకటే, కాబట్టి అది మొదటి రకం. కానీ ఏ రోజు చేయాలన్నది ఆ ఊరి సూర్యోదయానికో, అపరాహ్ణానికో ఉన్న తిథిని బట్టి, కాబట్టి హైదరాబాద్ పంచాంగంలో తేదీ తీసి డాలస్‌లో ఉన్న కొడుక్కి పంపితే ఒకరోజు తేడా రావచ్చు. తిథి పేరూ, మనిషి ఉండే ఊరూ పెట్టుకుని, ఏటా ఆ ఊరికి తేదీ లెక్క కట్టండి.

5. లోపలికి వచ్చేచోటా, బయటికి వెళ్లేచోటా గట్టిగా ఉండండి

ఏపీఐలో క్షణాలను ఐఎస్ఓ 8601 అనే ప్రామాణిక రూపంలో, చివర ఆఫ్‌సెట్‌తో (యూటీసీకి ఎంత తేడా అన్నది) పంపండి: 2026-03-09, తర్వాత టీ అక్షరం, తర్వాత 14:30:00+05:30. ఆఫ్‌సెట్ లేకుండా వస్తే ఊహించకండి, తిప్పి పంపండి. "లేకపోతే ఐఎస్‌టీ అనుకుందాం" అని ఒక్కసారి ఒప్పుకున్నారంటే ఆ కోడ్ ఇక ఎప్పటికీ తీయలేరు.

ఎక్సెల్ అప్‌లోడ్‌లో 03/04/2026 వస్తే అది ఏప్రిల్ 3నా, మార్చి 4నా? ఫైల్ చూసి చెప్పలేరు. 12 దాటిన రోజులు ఉన్న వరసలు చూసి పసిగట్టే కోడ్ కొందరు రాస్తారు. నాకది నచ్చదు, నెల మొదటి వారంలో వచ్చిన ఫైల్‌తో బోల్తా పడుతుంది. టెంప్లేట్‌లో నెలను అక్షరాల్లో అడగండి.

జావా ఫార్మాట్ అక్షరాల్లో మూడు గోతులు. పెద్ద ఎమ్ నెల, చిన్న ఎమ్ నిమిషం. పెద్ద హెచ్ 24 గంటలది, చిన్న హెచ్ 12 గంటలది. చిన్న వై మామూలు సంవత్సరం, పెద్ద వై వారాల లెక్క సంవత్సరం (ఆ వారం ఏ ఏడాది లెక్కలోకి వస్తే ఆ ఏడాది). ఈ మూడోది ఏడాదంతా నిద్రపోయి డిసెంబరు ఆఖర్లో లేస్తుంది: 2025 డిసెంబరు 29ని 2026 డిసెంబరు 29 అని చూపిస్తుంది. ఇప్పుడే మీ కోడ్ అంతటా పెద్ద వై నాలుగు వరసగా ఉన్నచోట్లు వెతకండి.

6. "ఈరోజు" అంటే ఎవరి రోజో రాయండి

రోజువారీ అమ్మకాల రిపోర్ట్. యూటీసీ కాలమ్‌ను నేరుగా తేదీగా మార్చి గ్రూప్ చేస్తే, మన అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాకా వచ్చిన ఆర్డర్లన్నీ నిన్నటి ఖాతాలో పడతాయి. జనవరి 1 తెల్లవారుజామున వచ్చిన బిర్యానీ ఆర్డర్లు పోయిన ఏడాదివవుతాయి. ఏప్రిల్ 1 రాత్రి రెండింటి ఇన్‌వాయిస్ పాత ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది, అది ఆడిటర్ కంట్లోనే పడుతుంది.

ముందు ఆసియా/కోల్‌కతాలోకి మార్చి, తర్వాత తేదీ తీయండి. టేబుల్ పెద్దదైతే ప్రతి వరసనూ మార్చకుండా హద్దులు మార్చండి: మార్చి 9 అమ్మకాలంటే యూటీసీలో మార్చి 8 18:30 నుంచి మార్చి 9 18:30కి లోపు. "లోపు" ముఖ్యం. 23:59:59 దాకా అని రాస్తే ఆ చివరి సెకను మధ్యలో పడ్డ ఆర్డర్ ఏ రోజుకీ చెందకుండా పోతుంది.

క్రాన్ పనులదీ (చెప్పిన టైమ్‌కి సర్వర్‌లో వాటంతటవే నడిచేవి) ఇదే గొడవ. క్లౌడ్ సర్వర్లు మామూలుగా యూటీసీలో నడుస్తాయి, కాబట్టి మన పొద్దున ఆరు అంటే అక్కడ 00:30. ఇంతవరకు అందరికీ తెలుసు. "ప్రతి నెలా ఒకటో తేదీ తెల్లవారుజామున రెండింటికి" అన్నప్పుడు చిక్కు: యూటీసీలో అది ముందు నెల ఆఖరి రోజు 20:30. ఆ ఆఖరి రోజు 28, 29, 30, 31లో ఏదైనా కావచ్చు, మామూలు క్రాన్ వరసలో అది రాయలేరు. జోన్ పేరు తీసుకునే షెడ్యూలర్ వాడండి (కుబర్నెటీస్ క్రాన్‌జాబ్‌లో 1.27 నుంచి ఆ సెట్టింగ్ స్థిరపడింది), లేదా పనిని పొద్దున ఆరింటికి జరపండి. నేనైతే రెండోదే చేస్తాను.

7. కలిపేటప్పుడు, తీసేసేటప్పుడు

జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 28. దానికి ఇంకో నెల కలిపితే మార్చి 28. నెలవారీ చందా ఇలా జారిపోతుంది. ఎప్పుడూ మొదటి తేదీకే 1, 2, 3 నెలలు కలపండి, కిందటిసారి వచ్చిన జవాబుకి కాదు. ఒకరోజు అంటే 24 గంటలు అని రాయకండి, డాలస్‌లో ఏడాదికి ఒకరోజు 23 గంటలు, ఒకరోజు 25. లైబ్రరీలో "ఒక రోజు కలుపు" అన్నది వేరేగా ఉంటుంది, దాన్నే పిలవండి. ఐదున్నర గంటలు చేత్తో కలిపే కోడ్ ఎక్కడ కనిపించినా తీసేయండి.

8. సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

"ఇప్పుడు టైమెంత" అన్నది ఫంక్షన్ లోపల పిలవకుండా బయటినుంచి ఇవ్వండి. అప్పుడే టెస్ట్‌లో కావలసిన క్షణం పెట్టి నడపగలరు. తర్వాత అవే టెస్టులను టైమ్‌జోన్ మార్చి మూడుసార్లు నడపండి: ఆసియా/కోల్‌కతా, అమెరికా/లాస్‌ఏంజెలెస్, పసిఫిక్/కిరిటిమతి. ఆఖరిది యూటీసీ కంటే 14 గంటలు ముందుంటుంది, తూర్పు వైపు తప్పులు అక్కడ బయటపడతాయి. టెస్టుల్లో మన టైమ్ రాత్రి 2:00, 2028 ఫిబ్రవరి 29, 2025 డిసెంబరు 29, 2026 మార్చి 8 తప్పకుండా ఉండాలి. ఇవన్నీ అయ్యాక మీ ల్యాప్‌టాప్ టైమ్‌జోన్ చేత్తో న్యూయార్క్‌కి మార్చి, ఫారం ఒకసారి నింపి, పీడీఎఫ్ దాకా వెళ్లి చూడండి. మా బడి యాప్‌లో ఎవరైనా ఈ పది నిమిషాల పని చేసి ఉంటే సరిపోయేది.

తేడా ఎంతుందో చూస్తే రోగం చాలావరకు తెలిసిపోతుంది:

- 5:30 ముందుకి: మన టైమ్‌ను యూటీసీ అని ముద్రవేసి పెట్టారు, లేదా రెండుసార్లు మార్చారు.
- 5:30 వెనక్కి: చూపించేటప్పుడు మార్చలేదు.
- 11 గంటలు: కలపాల్సినచోట తీసేశారు. జావాస్క్రిప్ట్‌లో గెట్‌టైమ్‌జోన్‌ఆఫ్‌సెట్ మనకి −330 ఇస్తుంది, గుర్తు తారుమారవడం సాధారణం.
- 5:53 ఆఫ్‌సెట్: పైథాన్‌లో పైటీజెడ్ అనే పాత లైబ్రరీ జోన్‌ను నేరుగా టీజెడ్‌ఇన్ఫోకి ఇచ్చారు. అది కోల్‌కతా పాతకాలపు స్థానిక సమయం. జోన్‌ఇన్ఫోకి మారండి.
- సరిగ్గా ఒక గంట, ఏడాదిలో కొన్ని నెలలే: ఎక్కడో −05:00 అని గట్టిగా రాసేశారు.
- 1970 జనవరి 1, పొద్దున 5:30: విలువే రాలేదు, సున్నా వచ్చింది.
- ఆసియా/కల్‌కట్టా: ఇది బగ్ కాదు. పాత పేరు, కొన్ని బ్రౌజర్లు ఇప్పటికీ అదే ఇస్తాయి. రెండూ ఒకటే. స్ట్రింగ్‌గా పోల్చకండి.

ఇప్పటికే పాడైన తేదీలుంటే

కాలమ్ మొత్తానికీ ఐదున్నర గంటలు కలిపే అప్‌డేట్ నడపకండి. యాప్ నుంచి వచ్చినవి తప్పుగా, ఎక్సెల్ నుంచి వచ్చినవి సరిగా ఉండే అవకాశం ఎక్కువ. పాత కాలమ్ అలాగే ఉంచి, పక్కన డేట్ రకంతో కొత్తది చేర్చండి. వరసలను వాటి టైమ్ భాగం బట్టి గ్రూప్ చేసి లెక్కపెట్టండి.

00:00 ఉన్నవాటిని అదే తేదీతో తీసుకోండి. 18:30 ఉన్నవాటికి తర్వాతి రోజు వేయండి. పెన్షన్ డేటాలో 17:30 కనిపిస్తే కంగారు పడకండి: రెండో ప్రపంచ యుద్ధంలో మన గడియారాలు గంట ముందుకి జరిపారు, 1943లో పుట్టిన తాతగారి అర్ధరాత్రి యూటీసీలో 17:30కే వస్తుంది. దానికీ తర్వాతి రోజే. 20:00 ఉంటే దుబాయ్ నుంచి, 21:00 ఉంటే కువైట్ నుంచి నింపినవి అయుంటాయి, వాటికీ తర్వాతి రోజే. 04:00, 05:00, 06:00 ఉంటే అమెరికా నుంచి నింపినవి. వాటికి తేదీ మార్చనక్కర్లేదు, యూటీసీలోనూ అదే రోజు. మధ్యాహ్నం పన్నెండుకి ముందువైతే ఉంచు, తర్వాతవైతే ఒకరోజు కలుపు అన్న సూత్రం దాదాపు అన్నిటికీ పనిచేస్తుంది, న్యూజీలాండ్ వైపు వాళ్లుంటే తప్ప.

పూర్తయ్యాక ఒక యాభై వరసలు తీసి కాగితాల మీద అసలు తేదీలతో పోల్చండి. గంటో, అరగంటో అని సరిగ్గా లేకుండా 11:47 లాంటివి మిగిలితే అవి అర్ధరాత్రి నుంచి వచ్చినవి కావు, ఎవరో "ఇప్పుడు" అన్న విలువను తేదీ కాలమ్‌లో పెట్టారు. అవి విడిగా తీసి, ఒక్కొక్కటీ ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే.